కలుపు ఏది, మొక్క ఏది: ఇంటివాళ్ళతో మాట కుదుర్చుకోవడానికి పట్టిన 14 వారాలు

నాతోపాటు ఇంకో ఇద్దరం కలిసి నాలుగు ఇళ్ళ తోటలు చూసుకుంటాం, ఒక్కో తోటకి వారానికి ఒకసారి వెళ్తాం. ఒకరు పెద్దాయన, ఈ పనిలో నాకంటే ఎక్కువ ఏళ్ళు ఉన్నవారు. ఇంకొకడు కుర్రాడు, చేరి ఏడాది కాలేదు.

ఒక ఇంట్లో అమ్మగారు "ఆ గోడ పక్క మడి శుభ్రం చేసేయండి" అన్నారు. చేసేశాం. సాయంత్రానికి ఫోన్ వచ్చింది. కిందటేడు రాలిన గింజల నుంచి వాటంతట అవే మొలిచిన పసుపు కాస్మోస్ పూల నారు మొత్తం పోయింది, చెత్త కుప్పలో వెతికి లెక్కపెడితే 43 మొక్కలు. మేం వాటిని వయ్యారిభామ అనే కలుపు అనుకున్నాం. ఆవిడ తిట్టలేదు. "రోజూ పొద్దున్నే వెళ్ళి చూసుకునేదాన్నండీ" అని మాత్రం అన్నారు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఈ పని చేసేవాళ్ళు, చేయించుకునేవాళ్ళు ఎవరైనా మేం చేసింది చేసుకోవచ్చు, లేదా మేం పడిన చోట పడకుండా దాటొచ్చు అని రాసి పెడుతున్నాను.

వాడిన సామాను: ఒక గోనె పట్టా, ఫోన్, 30 సెంటీమీటర్ల స్కేలు, నోటుపుస్తకం, పెన్సిలు, పాత దుప్పటి చింపిన పీలికలు, నూలు దారం, వెదురు పుల్లలు, చేతి తొడుగులు. కలుపు తవ్వే తొలిక, గీకే దోకుడుపార, నాలుగు పళ్ళ ఫోర్కు ముందే ఉన్నాయి.

దశ 1: ఏమీ మార్చకుండా లెక్కపెట్టడం (వారం 1, 2)

నా అనుమానం ఏంటంటే, మాకు మొక్కల్ని గుర్తుపట్టడం సరిగా రావట్లేదు, అందుకే తప్పులు జరుగుతున్నాయి అని. దాన్ని నమ్మి నేరుగా ఫోటోల పని మొదలుపెట్టబోయాను. పెద్దాయనే ఆపారు. "ముందు ఎన్ని తప్పులు చేస్తున్నామో చూద్దాం, ఎందుకు చేస్తున్నామో తర్వాత తెలుస్తుంది" అన్నారు. సరేనని రెండు వారాలు పాత పద్ధతిలోనే పనిచేసి లెక్క మాత్రం రాశాం.

1. పని అయ్యాక పీకినదాన్ని చెత్తలో వేయకుండా గోనె పట్టా మీద పరిచాం.
2. ఒకే రకం మొక్కల్ని ఒక కుప్పగా చేశాం.
3. ఇంటివాళ్ళని పిలిచి రెండే ప్రశ్నలు అడిగాం: వీటిలో ఉండాల్సినవి ఏమైనా ఉన్నాయా? మడిలో ఇంకా పోవాల్సినవి ఏమైనా మిగిలాయా?
4. ఒక్కో తప్పు పక్కన కారణం రాశాం.

మొదటిసారి పట్టా ముందు నిలబడినప్పుడు కొంచెం టెన్షన్‌గానే ఉంది, మన తప్పులు మనమే వరసగా పేర్చి చూపిస్తున్నట్టు. కానీ ఇంటివాళ్ళు ఎవరూ కోప్పడలేదు, పైగా కూర్చుని ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూశారు.

ఎనిమిది సార్లు వెళ్ళొచ్చాక మొత్తం 99 తప్పులు. అందులో 61 అనవసరంగా పీకినవి, 38 పీకకుండా వదిలేసినవి. కారణాల్లోకి వెళ్తే:

మొక్క ఏదో మాకు తెలియక: 14
మొక్క తెలుసు, కానీ వాళ్ళకి కావాలో వద్దో తెలియక: 52
వాళ్ళు చెప్పారు, కానీ ఆ మాట పీకే చేతిదాకా రాక: 33

ఇది చూశాక చాలాసేపు నోటుపుస్తకం మూయలేదు. నేను పెద్దది అనుకున్న కారణం అన్నింటికన్నా చిన్నది. 33 గురించి ఒక్క మాట: ఇంటివాళ్ళు మాట్లాడేది నాతో, పీకేది కుర్రాడు. గేటు దగ్గర నేను విన్నది పెరట్లో ఉన్నవాడికి చేరేసరికి సగం పోతోంది.

లెక్క, వారం 2 చివర (ఇలా దశ చివర రాసే లెక్కలన్నీ మొదటి వారం నుంచీ కలిపినవి): తప్పుగా పీకినవి 61, వదిలేసినవి 38, అదనంగా పట్టిన సమయం 2 గంటలు.

దశ 2: ఫోటోల షీటు, అది ఎందుకు పనికిరాలేదంటే (వారం 3, 4)

కారణాలు కళ్ళముందే ఉన్నా నేను ఫోటోల షీటే చేశాను. అప్పటికే సగం ఫోటోలు తీసి పెట్టుకున్నాను, వదులుకోబుద్ధి కాలేదు. 24 మొక్కలు, ఒక వైపు 12 కలుపు, రెండో వైపు 12 ఉంచాల్సినవి, తడిసినా పాడవకుండా లామినేషన్. మొత్తం ఆరున్నర గంటలు పట్టింది. తప్పులు 99 నుంచి 92కి తగ్గాయి, అంతే.

ఎక్కడ దెబ్బతిందో చెప్తాను.

మొదటిది, ఫోటోలన్నీ పూలున్నప్పుడు తీసినవి. పెద్దాయన షీటు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "పువ్వు వచ్చేదాకా నేను ఉంచను కదా, మూడు నాలుగు ఆకులప్పుడే తీసేస్తాను, ఈ బొమ్మ నాకెందుకు" అన్నారు. నిజమే. కలుపు తీసేది మొలకప్పుడు, ఫోటో ఉన్నది ఎదిగిన మొక్కది.

దాంతో కాస్మోస్ మడికి మళ్ళీ వెళ్ళాం. కొన్ని మొలకలు కొత్తగా వచ్చాయి, పక్కనే వయ్యారిభామ కూడా ఉంది. తొడుగులు వేసుకుని రెండింటినీ అరచేతిలో పక్కపక్కన పెట్టి చూశాం. వయ్యారిభామ చిన్నప్పుడు నేలకి అతుక్కుని చక్రంలా పరుచుకుంటుంది, కాడ ఉన్నట్టే కనిపించదు, ఆకుపచ్చలో కొంచెం బూడిద రంగు కలిసినట్టు ఉంటుంది, ఆకు మీద సన్నటి నూగు. పసుపు కాస్మోస్ మొదటి నుంచీ కాడ మీద నిటారుగా నిలబడుతుంది, ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. ఆకు చీలికలు మాత్రం రెండింటికీ దగ్గర దగ్గరగానే ఉంటాయి, మేం చూసింది ఆ చీలికల్నే. ఆకుని కాకుండా ఆకు ఎక్కడి నుంచి వచ్చిందో చూసి ఉంటే 43 మొక్కలూ మిగిలేవి.

రెండోది గడ్డి. రెండో ఇంటాయన "ఆ గడ్డంతా తీసేయండి" అన్నారు, ఆయన దృష్టిలో గడ్డి అంటే తుంగ. కుర్రాడు తుంగతోపాటు రెయిన్ లిల్లీని కూడా లాగేశాడు. పువ్వు లేనప్పుడు అది సన్నటి ఆకుల పొదలా ఉంటుంది, దూరం నుంచి గడ్డే అనిపిస్తుంది. 27 గడ్డలు పైకి వచ్చాయి. పట్టా మీద పరిచాక తేడా తెలిసింది: లిల్లీ గడ్డ తెల్లగా, పొరలు పొరలుగా, నున్నగా ఉంటుంది. తుంగ గడ్డ చిన్నది, నల్లటి గోధుమ రంగు, గట్టిగా ఉంటుంది, తీగలాంటి వేరుతో ఒకదానికొకటి గొలుసులా అంటుకుని వస్తుంది. నేలపైన చూడాలంటే తుంగ పూకాడని రెండు వేళ్ళ మధ్య దొర్లించండి, మూడు అంచులు తగులుతాయి. లిల్లీ గడ్డల్ని అప్పటికప్పుడే తిరిగి నాటాం. 22 బతికాయి.

మూడోది, అసలు ఈ దశలో నా కళ్ళు తెరిపించింది. షీటులో గరిక కలుపు వైపు ఉంది. నాలుగో ఇంట్లో లాన్ అంటేనే గరిక. కుర్రాడు షీటు చూసి, నమ్మి, లాన్ అంచున మీటరున్నర పొడవు దోకుడుపారతో గీకేశాడు. వాడి తప్పు ఏమీ లేదు, నేను రాసిచ్చిందే వాడు చేశాడు. 1977లో కలుపు శాస్త్రవేత్తలు ప్రపంచంలోకెల్లా ఎక్కువ ఇబ్బంది పెట్టే కలుపు మొక్కల్ని వరస పెడితే తుంగ మొదటిది, గరిక రెండోది. ఆ రెండోదాన్నే మనం లాన్‌గా పెంచి, నీళ్ళు పోసి, కత్తిరించి చూసుకుంటాం. అదే గరిక పక్కన పూల మడిలోకి ఒక తీగ పాకిస్తే మళ్ళీ కలుపు. మొక్క పేరు పక్కన "కలుపు" అని రాసేసి షీటు చేయడం ఎంత పొరపాటో అక్కడ అర్థమైంది. చోటు రాయకుండా ఆ మాట రాయకూడదు.

లెక్క, వారం 4 చివర: తప్పుగా పీకినవి 118, వదిలేసినవి 73, అదనపు సమయం 8 గంటల 30 నిమిషాలు.

దశ 3: ప్రశ్న మార్చాం (వారం 5, 6)

ఇన్నాళ్ళూ మేం అడిగేది "కలుపు తీసేయమంటారా?" అని. దానికి ఎవరైనా "ఆ, తీసేయండి" అనే అంటారు, ఇంకేమంటారు? ఆ ప్రశ్నలో కలుపు అంటే ఏదో ఇద్దరికీ ఒకేలా తెలుసు అన్న నమ్మకం దాగి ఉంది.

అందుకని ఏవి తీయాలో అడగడం మానేసి, ఏవి ఉంచాలో అడిగాం. తీయాల్సినవి ఎన్నో ఉంటాయి, వారం వారం కొత్తవి వస్తాయి, ఆ జాబితా ఎప్పటికీ పూర్తి కాదు. ఉంచాల్సినవి మాత్రం లెక్కపెట్టగలిగినన్ని ఉంటాయి. ఒక్కో ఇంటివాళ్ళతో తోటంతా నడిచాం, ముగ్గురమూ ఉన్నాం, కుర్రాడు తప్పకుండా ఉండాలని ముందే అనుకున్నాం.

1. తోటని కాగితం మీద ముక్కలుగా గీయండి. కొలతలు కచ్చితంగా అక్కర్లేదు, మేం అడుగుకి అర సెంటీమీటరు చొప్పున వేశాం.
2. ఒక్కో ముక్క దగ్గర ఆగి అడగండి: ఇక్కడ ఏవి తప్ప మిగతావన్నీ తీసేయొచ్చు?
3. తర్వాత: వాటంతట అవే మొలిచినవి ఉంచాలా? ఉంచితే ఏ రకం?
4. తర్వాత: మట్టి కనిపించేలా ఉండాలా, పచ్చగా పరుచుకుని ఉన్నా పర్లేదా?
5. చెప్పింది అక్కడే రాసి, అక్కడే చదివి వినిపించండి.

20 నిమిషాల్లో అయిపోతుందనుకున్నాను. 45, 35, 50, 25 నిమిషాలు పట్టింది, పటాలు శుభ్రంగా గీయడానికి ఇంకో గంటా పాతిక నిమిషాలు. అయినా ఈ ప్రాజెక్టు మొత్తంలో మీరు ఒక్క పనే చేయగలిగితే ఇదే చేయండి.

మట్టి గురించిన ఆఖరి ప్రశ్న నేను ఊరికే చేర్చాను, దానికే మాకు తెలియని జవాబులు వచ్చాయి. మూడో ఇంటాయనకి మడిలో గడ్డిచామంతి ఉన్నా ఇబ్బంది లేదు, సీతాకోకచిలుకలు వాలతాయని ఇష్టం. రెండో ఇంటాయనకి మొక్కకీ మొక్కకీ మధ్య మట్టి కనబడితేనే తోట బాగున్నట్టు. మేం రెండు చోట్లా ఒకేలా చేస్తూ, ఇద్దర్నీ సగం సగం ఇబ్బంది పెడుతున్నాం. రెండో ఇంటాయనతో ఒక మాట చెప్పాను: మట్టిని కదిపి కదిపి వదిలేస్తే లోపలున్న గింజలకి వెలుతురు తగిలి ఇంకా మొలుస్తాయి, మట్టి కనబడటం కన్నా ఎండుటాకులో కొమ్మల ముక్కలో రెండు మూడు అంగుళాల మందాన కప్పితే పని తగ్గుతుందని. ఒక మడికి ఒప్పుకున్నారు. మొదళ్ళకి తగలకుండా చుట్టూ కొంచెం ఎడం వదిలి పరిచాం.

ఇక్కడా ఒక తప్పు చేశాం. మూడో ఇంట్లో మేం నడిచింది ఆ ఇంటాయన ఒక్కరితోనే. జిల్లేడు ఉంచమన్నారు, దాని ఆకులు తినే గొంగళిపురుగుల్ని చూపించారు కూడా, నలుపు తెలుపు పట్టీలు, మధ్యలో పసుపు చుక్కలు, అవే నారింజ రంగు సీతాకోకచిలుకలు అవుతాయి. తర్వాతి వారం వాళ్ళమ్మాయి అడిగింది, జిల్లేడు ఎందుకు తీయలేదు, ఇంట్లో చిన్నపిల్లాడున్నాడు, పాలు కంట్లో పడితే ఏం గతి అని. ఆ భయం నిజమైనదే, జిల్లేడు పాలు కంటికి చాలా హాని చేస్తాయి. ఆయన మాటా నిజమే.

మధ్యలో నేను తీర్పు చెప్పలేదు. పటం బల్ల మీద పెట్టి ఇద్దర్నీ ఒకసారి చూడమన్నాను. అయిదు నిమిషాల్లో వాళ్ళే తేల్చుకున్నారు: గేటు పక్కన ఉన్న మూడూ తీసేయాలి, వెనక గోడ దగ్గరి ఒక్కటి ఉండాలి, అటువైపు పిల్లాడు వెళ్ళడు. అప్పటి నుంచి పటంలో ఒక్కో ముక్కలో "ఇక్కడ చెప్పేది ఎవరు" అని కూడా రాస్తున్నాం. ఇంట్లో ఎంతమంది ఉన్నా ఒక ముక్కకి ఒక్కరే.

లెక్క, వారం 6 చివర: తప్పుగా పీకినవి 149, వదిలేసినవి 95, అదనపు సమయం 12 గంటల 30 నిమిషాలు. రెండు వారాల తప్పులు 92 నుంచి 53కి దిగాయి.

దశ 4: పీలికలు, ముడులు, పుల్లలు (వారం 7, 8)

పటం నా జేబులో ఉంటుంది, కుర్రాడి చేయి మడిలో ఉంటుంది. చెప్పిన మాట మొక్క దగ్గరే ఉండాలి కదా అని పీలికలు కట్టాం. ఆకుపచ్చది అయితే ఉంచాలి, ఎర్రది అయితే అడగాలి.

వారం తిరక్కుండానే రెండు రకాలుగా దెబ్బతింది. ఆకుపచ్చ పీలిక ఆకుల్లో కలిసిపోయి అసలు కనబడలేదు. ఇది నేను ముందే ఆలోచించాల్సింది. రెండోది, కుర్రాడు ఎర్ర పీలిక ఉన్నవాటినీ ఆకుపచ్చవాటినీ ఒకేలా చూస్తున్నాడు. విడిగా కూర్చోబెట్టి అడిగితే, ఆ రెండు రంగులూ తనకి చిన్నప్పటి నుంచీ సరిగా తేడా తెలియవని చెప్పాడు. ఇన్నాళ్ళూ చెప్పడానికి మొహమాటపడ్డాడు. మగవాళ్ళలో ఇది అంత అరుదేమీ కాదు, ఏ పనిలోనైనా రంగుతో గుర్తు పెట్టేముందు ఒకసారి అడగడం మంచిది. అడగనిది నేనే కాబట్టి మార్చాల్సిందీ నేనే.

మార్చింది ఇలా:

1. అన్నీ తెల్ల పీలికలే, పాత దుప్పటివి, దూరం నుంచి కనబడతాయి.
2. ఒక ముడి ఉంటే ఉంచాలి. రెండు ముళ్ళు ఉంటే అడగాలి. ముడి లేకపోతే, పటంలో ఆ ముక్క ఏం చెప్తే అది.
3. పీలికని కాడకి బిగించకుండా వేలు దూరేంత వదులుగా కట్టాలి. మొదట బిగించి కట్టిన రెండింటికి కాడ ఎదిగి ఒత్తుకుపోయింది.
4. మొలకకి కట్టలేం కాబట్టి పక్కన పుల్ల గుచ్చి దానికి కట్టాలి.

చీకటి పడుతున్నప్పుడు కూడా ముడి వేలికి తెలుస్తుంది, ఇది మేం అనుకోని లాభం.

పేర్లు రాసిన ప్లాస్టిక్ పట్టీలు ఇంకో సంగతి. పర్మనెంట్ మార్కర్‌తో 18 రాశాం. ఎండకి మూడు వారాల్లో 11 చదవలేనట్టు వెలిసిపోయాయి. నున్నటి పట్టీని ఉప్పుకాగితంతో కొంచెం గరుకు చేసి మామూలు పెన్సిలుతో రాశాం, ఈ డైరీ రాసే రోజుకి అన్నీ చదవగలుగుతున్నాం.

ఇంటివాళ్ళ వైపు నుంచి ఒక్కటే అడిగాం: విత్తనం చల్లితే నాలుగు మూలలా నాలుగు పుల్లలు గుచ్చి దారం చుట్టండి, ఏ విత్తనమో మాకు చెప్పకపోయినా ఫర్వాలేదు. దారం లోపల మేం చెయ్యి పెట్టం. మొదటి ఇంటి అమ్మగారు ఆ సాయంత్రమే కాస్మోస్ చోటు చుట్టూ దారం కట్టి ఫోటో పంపారు.

లెక్క, వారం 8 చివర: తప్పుగా పీకినవి 173, వదిలేసినవి 112, అదనపు సమయం 14 గంటలు.

దశ 5: రెండు ముళ్ళవాటి గురించి ఎలా అడగాలి (వారం 9, 10)

రెండు ముళ్ళు వేశాక ఫోటో తీసి ఇంటివాళ్ళకి పంపేవాళ్ళం. వారం 7, 8 లో పంపిన 31 ఫోటోలకి రెండు రోజుల్లోపు పనికొచ్చే జవాబు వచ్చింది 9కే. వాళ్ళని అనడానికి లేదు. మా ఫోటోలు మళ్ళీ చూసుకుంటే ఒక్కోదాంట్లో నాలుగైదు మొక్కలు, కింద "ఇది ఉంచాలా?" అని. "ఇది" ఏదో వాళ్ళకెలా తెలుస్తుంది? ఒకరు "తీసేయండి" అన్నారు, ఏది తీసేయాలో తెలియక మేమూ ఆగిపోయాం.

ఇప్పుడు పంపేది ఇలా:

1. ఒక మొక్కకి రెండు ఫోటోలు. ఒకటి మొక్క మొత్తం, పక్కన స్కేలు. రెండోది ఒక్క ఆకు, వెనక తెల్ల కాగితం.
2. పటంలో ముక్క నంబరు.
3. మా ఊహ ఒక్క వాక్యంలో. "నేల ఉసిరి అనుకుంటున్నాం, ఈ మడిలో మీ జాబితాలో లేదు."
4. జవాబు రెండు మాటల్లో ఒకటి: ఉంచండి, తీయండి.
5. మా తర్వాతి రాకకి ముందు చెప్పమని రోజు పేరు.

ఈ రెండు వారాల్లో 30 పంపితే 26కి రెండు రోజుల్లోపే జవాబు వచ్చింది. మూడోది, అంటే మా ఊహ రాయడం, ఎక్కువ తేడా తెచ్చిందని నా అభిప్రాయం. ఏమీ తెలియనట్టు అడిగితే అవతలివాళ్ళు మొదటి నుంచి ఆలోచించాలి, మనం ఒకటి చెప్తే అవునో కాదో అంటారు.

జవాబు రానివాటి సంగతేంటి? ఇది ముగ్గురం కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. పీకేస్తే మళ్ళీ తేలేం. వదిలేస్తే గింజ రాలి వచ్చే ఏడాదికి వందలవుతాయి. చివరికి మధ్యదారి: మొక్కని ఉంచుతాం, మొగ్గ కనబడగానే పువ్వు మాత్రం తుంచేస్తాం. కావాల్సిందే అయితే మళ్ళీ పూస్తుంది, వద్దనుకుంటే గింజ పడదు. వెనక్కి తీసుకోగలిగిన పని ముందు చేయడం మాకు బాగా కుదిరింది.

దీనికి ఒక మినహాయింపు ఉంది, అది వయ్యారిభామ. ఒక ఇంట్లో తెల్లగా ముచ్చటగా ఉన్నాయని నాలుగు ఉంచమన్నారు. ఇన్ని వారాలుగా ఇంటివాళ్ళ మాటే చివరి మాట అని రాస్తూ వచ్చాను, ఇక్కడ మాత్రం ఒప్పుకోలేదు. అది తగిలితే చాలామందికి చర్మం దద్దుర్లెక్కి మంట పుడుతుంది, పుప్పొడితో తుమ్ములు, ఊపిరి ఇబ్బంది వస్తాయి, ఒక్క మొక్క వేల గింజలు వేస్తుంది, అవి పక్క ఇళ్ళకీ పోతాయి. ఇవన్నీ నెమ్మదిగా చెప్పాను, వాళ్ళు విన్నారు. తొడుగులు, పొడుగు చేతుల చొక్కాలు వేసుకుని పువ్వు విచ్చకముందే వేరుతో సహా తీశాం. తోటపని చేసేవాడికి తెలిసి కూడా చెప్పకపోతే అది మర్యాద అనిపించుకోదు.

లెక్క, వారం 10 చివర: తప్పుగా పీకినవి 185, వదిలేసినవి 127, అదనపు సమయం 15 గంటలు.

దశ 6: "తీశాం" అంటే ఏం చేశాం? (వారం 11, 12)

తప్పుగా పీకేవి బాగా తగ్గాయి, వదిలేసినవి అంత తగ్గలేదు. నోటుపుస్తకం తిరగేస్తే వారం 10 నాటి 15లో 9 ఒకే రకం ఫిర్యాదు: మొన్ననే తీశామన్నారు, మళ్ళీ ఉంది. తొమ్మిదిలో ఏడు తుంగ, రెండు గంగవాయిలు.

గంగవాయిలది తేలిక. డాబా మీది కుండీల్లో గడ్డిగులాబీతోపాటు మొలుస్తుంది, రెండింటి కాడలూ ఎర్రగా నేలబారుగా ఉంటాయి. గడ్డిగులాబీ ఆకు సూదిలా గుండ్రంగా ఉంటుంది, గంగవాయిలు ఆకు బల్లపరుపుగా, చివర వెడల్పుగా ఉంటుంది. గుర్తుపట్టి పీకాం, కానీ పీకినవాటిని ఎండిపోతాయిలే అని కుండీలోనే పడేశాం. వాన పడింది, విరిగిన ముక్కలన్నీ వేళ్ళు తన్నాయి. ఇప్పుడు పీకిన వెంటనే గోనెసంచిలోకే.

తుంగకి మాటలు చాలవనిపించి కొలిచాం. రెండో ఇంట్లో, ఆయన ఎదురుగానే, పక్కపక్కన రెండు చదరాలు, ఒక్కోటి మీటరు పొడవు మీటరు వెడల్పు.

చదరం అ: చేత్తో పీకాం. 118 పిలకలు. 12 నిమిషాలు.
చదరం ఆ: ఫోర్కుతో 20 సెంటీమీటర్ల లోతు తవ్వి, మట్టి చిదిమి గడ్డలు ఏరాం. 203 గడ్డలు. 55 నిమిషాలు.

12 రోజుల తర్వాత లెక్కపెడితే అ లో 74 పిలకలు, ఆ లో 19.

ఆయన స్వయంగా లెక్కపెట్టారు, రెండుసార్లు. పైన ఆకు లాగితే కింద గడ్డ అలాగే ఉండి మళ్ళీ పిలక వేస్తుందని నేను ఎన్నోసార్లు చెప్పాను, ఆ మాట అప్పటికి ఎక్కలేదు, ఆ 74 ఎక్కింది. ఆయనే అన్నారు, "అయితే మీరు ఇన్నాళ్ళూ తీస్తున్నాం అన్నది వేరు, నేను విన్నది వేరు" అని. నిజంగా అంతే. మొక్క ఏది అన్నదాని మీద పది వారాలు కుస్తీ పట్టాం, "తీయడం" అన్న మాట మీద ఒక్క రోజూ కూర్చోలేదు.

అందుకని ఆ మాటని మూడు చేశాం, పటంలో ఇప్పుడు వీటినే రాస్తాం:

1. కోయడం: పైన కనిపించేది మాత్రమే. తోట చూడటానికి బాగుంటుంది, మళ్ళీ వస్తుంది.
2. పీకడం: చేతికి వచ్చినంత వేరుతో. ఏడాదికొకసారి గింజతో వచ్చేవాటికి ఇది చాలు.
3. తవ్వి తీయడం: గడ్డ, తీగ, వేరు అన్నీ. తుంగకి, మడిలోకి పాకిన గరికకి. చదరపు మీటరుకి గంట దాకా పడుతుంది, మళ్ళీ రెండు మూడుసార్లు రావాలి.

నాలుగిళ్ళవాళ్ళకీ ఈ మూడూ చూపించి ఎక్కడ ఏది కావాలో రాయించుకున్నాం. ఇద్దరు తుంగ ఉన్నచోట కోయడమే చాలన్నారు. తవ్వి తీయడమే మంచిదని నా మనసులో ఉంది, కానీ దానికెంత సమయం పడుతుందో తెలిసి వాళ్ళు చెప్పిన మాట అది, అలాగే చేస్తున్నాం.

లెక్క, వారం 12 చివర: తప్పుగా పీకినవి 194, వదిలేసినవి 135, అదనపు సమయం 16 గంటల 30 నిమిషాలు.

దశ 7: ఇప్పుడు ఎక్కడున్నాం (వారం 13, 14)

రెండు వారాల్లో తప్పుగా పీకినవి 4, వదిలేసినవి 9. మొదటి రెండు వారాల 99కి ఇప్పుడు 13. మొత్తం లెక్క 198, 144, అదనపు సమయం 17 గంటల 30 నిమిషాలు. ఇప్పుడు ఒక్కో రాకకి అదనంగా పడుతున్నది ఏడెనిమిది నిమిషాలే, పట్టా పరచడానికి, ఫోటోలకి.

ఆ 4 ఎలా జరిగాయంటే, పెద్దాయన రాని రోజు ఇంకొకరిని సాయానికి తీసుకెళ్ళాం, ఆయనకి ముళ్ళ సంగతి చెప్పాం, దారం సంగతి చెప్పడం మరిచిపోయాం. దారం లోపల నాలుగు బంతి మొలకలు పోయాయి. ఇప్పుడు గోనె పట్టా మూలకి ఒక చిన్న చీటీ కుట్టాం: ఒక ముడి, రెండు ముళ్ళు, దారం. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా పట్టా విప్పేటప్పుడు అది కనబడుతుంది.

పటాలు మూడు నెలలకొకసారి మళ్ళీ నడిచి మార్చాలని అనుకున్నాం, పాతదాని మీద తేదీ వేసి పక్కన పెడతాం, పారేయం.

మొదటి ఇంట్లో దారం లోపల 36 కాస్మోస్ ఉన్నాయి, అమ్మగారి లెక్క అది, మాది 35. పటంలో నాలుగో ముక్క మూలలో రెండు ముళ్ళ మొక్క ఒకటి మిగిలింది, ఎదురెదురు ఆకులు, కాడ నలుపలకలు, 31 సెంటీమీటర్లు. మా ముగ్గురికీ తెలియలేదు, ఆవిడకీ తెలియదు. ఫోటోకి ఆవిడ జవాబు: "ఒక్క పువ్వు పూయనివ్వండి, చూసి చెప్తాను." పీలిక అలాగే ఉంచాం, మొగ్గ తుంచలేదు.